‘స్టర్డీ’ అనే మాట కథ

గట్టిగా, దిట్టంగా చేసిన కుర్చీని ఇంగ్లీషులో ‘స్టర్డీ’ అంటారు. ఈ మాట పుట్టుకలో మాత్రం దిట్టతనం లేదు. పాత ఫ్రెంచిలో ‘ఎస్తుర్ది’ అంటే తల దిమ్మెక్కినవాడు. నేటి ఫ్రెంచిలో దాని వారసుడైన ‘ఎతుర్ది’కి పరధ్యానం మనిషి అని అర్థం. సుమారు 1300 నాటికి ఇంగ్లీషులో చేరేసరికి అది దుడుకువాడిని, లొంగనివాడిని సూచించసాగింది. లొంగనిది గట్టిది కూడా కదా! అలా ‘దృఢమైన’ అనే అర్థం వచ్చింది. పాత అర్థం గొర్రెల దగ్గర మిగిలింది: బద్దెపురుగు పిల్లదశ మెదడులో తిత్తి కట్టడం వల్ల గొర్రె గుండ్రంగా తిరుగుతుంది, ఆ జబ్బు పేరూ ‘స్టర్డీ’యే.

విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసింది మరొకటుంది. 16వ శతాబ్దపు ఇంగ్లండులో ఒళ్లు బాగుండి అడుక్కునేవాడిని ‘స్టర్డీ బెగ్గర్’ అనేవారు. 1597 నాటి ఒక చట్టం పేరులోనే ఆ మాట ఉంది. ‘దుక్కలా ఉన్నావు, పని చేసుకోలేవా?’ అని మనమూ అంటుంటాం. అక్కడ మాటతో పోలేదు. 1531 చట్టం అలాంటివారికి కొరడా దెబ్బలు విధించింది. 1547 చట్టం ఒంటిపై ‘వి’ అక్షరం కాల్చి, రెండేళ్లు బానిసగా అప్పగించమంది. 1550లో దాన్ని రద్దు చేశారు. గొర్రెల మేత కోసం పొలాలకు కంచెలు వేయడంతో చాలామంది బతుకుతెరువు పోయిన కాలమది. పని చేయగలవారికి ఉన్ని, ఇనుము వంటి సరుకు ఇచ్చి పని చేయించాలని 1576లో గానీ చట్టం రాలేదు.