పారుడు రోగం: పేరు చూపేది, పేరు దాచేది - జీవాల కాపరుల భాషలో వ్యాధిజ్ఞానం, మందరక్షణ

వ్యాససంగ్రహం:

గొర్రెలు, మేకలలో వేగంగా వ్యాపించే పి.పి.ఆర్. వ్యాధిని తెలుగు ప్రాంతాలలో ‘పారుడు రోగం’ అంటారు. వ్యాధి కాస్త ముదిరిన తరువాత కనిపించే లక్షణం ఆధారంగా ఏర్పడిన పేరిది. ఆ లక్షణం కనిపించేసరికి వ్యాధి పక్క జీవాలకు అంటుకొనే దశ అప్పటికే మొదలై ఉంటుంది. ఇంటివారు ఇష్టంగా పెంచుకొన్న మేకకు ఈ రోగం వచ్చినప్పుడు దాని మీది మమకారం, మందను కాపాడుకోవలసిన అవసరం ఎక్కడ ఎదురుపడతాయో, అందులో కాపరుల వ్యాధినామాల పాత్ర ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: జీవాలు, మంద, పారుడు రోగం, వ్యాధినామాలు, అంటు, టీకా.

1. ‘జీవాలు’ అనే మాట:

‘జీవం’ అంటే ప్రాణం. కానీ పల్లెలో ‘జీవాలు’ అన్నప్పుడు వినేవారికి స్ఫురించేవి గొర్రెలు, మేకలే. ఎద్దులు, ఆవులు, గేదెలు ‘పశువులు’, ‘గొడ్లు’. ప్రాణమున్న ప్రతిదానికీ చెల్లవలసిన మాట ఈ రెండు జంతువులకు పరిమితం కావడం అర్థసంకోచానికి చక్కని ఉదాహరణ. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు గొర్రెలున్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలు ఈ రాష్ట్రాలవే. రెండింటిలో కలిపి మేకలు కోటికి పైగా ఉన్నాయి. ఇంత పెద్ద సంపదను గురించి మాట్లాడే భాషను మన మాండలిక పరిశోధన వృత్తిపదాల పట్టికల దగ్గరే వదిలిపెట్టింది. ఆ పదాలు వాడేవారికి ఏమి తెలియజేస్తున్నాయి, ఏమి తెలియనివ్వడం లేదు అన్న ప్రశ్న దాకా అది సాగలేదని నా అభిప్రాయం.

‘జీవాలు’ లెక్కకు సంబంధించిన మాట. “ఎన్ని జీవాలున్నయి?” అని అడుగుతారే తప్ప “ఏ జీవమున్నది?” అని అడగరు. మందలో ఒక్కదాన్ని వేరుగా చూడాలంటే దానికి పేరు కావాలి.

2. పేరున్న మేక:

మందలో అన్నింటికీ పేర్లుండవు. ఒంటి మీది మచ్చను బట్టి, రంగును బట్టి చుక్క, బొల్లి, నల్లది, ఎర్రది అని కొన్నింటిని గుర్తుపెట్టుకొంటారు. ఇవి మొదట ఆనవాళ్లు. కాలక్రమంలో వాటిలో ఒకటి రెండు నిజమైన పేర్లుగా మారతాయి. పిలిస్తే వచ్చే మేక, గొర్రెల మందకు ముందు నడిచి దారి చూపే మేక, తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పాలిచ్చే మేక అట్లా పేరు సంపాదించుకొంటాయి. గొర్రెల మందలో కొన్ని మేకలను కలిపి ఉంచడం వెనుక ఈ రెండు అవసరాలూ ఉన్నాయి.

పేరు వచ్చిన తరువాత క్రియాపదం కూడా మారుతుంది. మామూలుగా జంతువు విషయంలో ‘చచ్చింది’ అంటారు. పేరున్న మేక విషయంలో అదే నోరు ‘పోయింది’ అంటుంది. వ్యాకరణం మనిషికీ జంతువుకూ మధ్య గీసిన గీతను వ్యవహారం ఇక్కడ చెరిపేస్తుంది. ఇదొక భాషావిశేషం మాత్రమే కాదు. పేరున్న మేకకు జబ్బు చేసినప్పుడు ఇంటివారు దానిని మందలోని జీవంగా చూడరు, ఇంట్లో జబ్బుపడిన మనిషిని చూసినట్లు చూస్తారు. అంటే దగ్గరికి తీసుకొంటారు. పారుడు రోగం విషయంలో అపాయం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

3. పేరు ఆలస్యంగా వస్తుంది:

‘పారు’ ధాతువుకు భావార్థంలో ‘ఉడు’ చేరి ‘పారుడు’ అయింది. చేసుడు, పోవుడు అన్న తెలంగాణ వ్యవహారరూపాల వంటిదే ఇది. కడుపు పారడం, అంటే నీళ్లవిరేచనాలు ఈ రోగంలో కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే లక్షణం కనుక ఆ పేరు స్థిరపడింది. శాస్త్రవ్యవహారంలోని పి.పి.ఆర్. ‘పెస్ట్ దె పెతీ రూమినాన్’ అనే ఫ్రెంచి పేరుకు సంక్షిప్తరూపం. చిన్న నెమరువేత జంతువుల మహమ్మారి అని దాని అర్థం. 1942లో ఐవరీ కోస్ట్‌లో దీనిని మొదట వర్ణించారు. మనుషులకు తట్టు, పశువులకు ముసర వ్యాధి తెచ్చే వైరస్‌ల కుటుంబానికి చెందినదే దీని వైరస్ కూడా. అయితే ఇది మనుషులకు సోకదు. మన దేశంలో మొదటిసారి దీనిని గుర్తించింది 1987లో తమిళనాడులో, నేటి విల్లుపురం జిల్లాలోని అరసూరులో, గొర్రెల మందలో. ఫ్రెంచి పేరు రోగం ఎవరికి వస్తుందో చెబుతుంది. తెలుగు పేరు అది ఎట్లా కనిపిస్తుందో చెబుతుంది. ఎట్లా అంటుతుందో రెండూ చెప్పవు.

వ్యాధి నడిచే క్రమాన్ని ఈ పేరు పక్కన పెట్టి చూడాలి. వైరస్ సోకిన తరువాత సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజులకు జ్వరం వస్తుంది. ఒంటి వేడి 40, 41 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. జీవం మేత మానేస్తుంది, మూతి ఎండిపోతుంది. ముక్కు నుంచి మొదట నీళ్లు కారతాయి. తరువాత అవి చిక్కబడి, అట్టకట్టి, ముక్కురంధ్రాలను మూసేస్తాయి. కళ్లు పుసులు కట్టి రెప్పలు అంటుకొంటాయి. చిగుళ్ల మీద, నాలుక మీద పుండ్లు పడి నోరు వాసన వేస్తుంది. జ్వరం మొదలైన రెండు మూడు రోజులకు గానీ పారుడు మొదలుకాదు. ఆ వెనుకే దగ్గు, ఎగశ్వాస వస్తాయి. చూడి మేకలు ఈసుకుపోవచ్చు. జ్వరం మొదలైన అయిదు నుంచి పది రోజులలో చాలా జీవాలు చనిపోతాయి. సాధారణంగా గొర్రెల కంటే మేకలలో తీవ్రత ఎక్కువ.

ముక్కు, కన్ను, నోరు కారడం మొదలైనప్పటి నుంచే ఆ స్రావాలలో వైరస్ ఉంటుంది. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా, ఒకే తొట్టిలో నీళ్లు తాగడం ద్వారా అది పక్క జీవాన్ని చేరుతుంది. అంటే ‘పారుడు’ అనే పేరుకు తగిన లక్షణం కనిపించేలోపే రెండు మూడు రోజులు గడిచిపోతాయి. ఆ రోజులలో ఇంటివారు ఆ స్థితిని ‘పడిశం’ అంటారు, ‘జలుబు’ అంటారు, ‘వాన తగిలింది’ అంటారు. ఏ ఒక్కటీ తప్పు మాట కాదు. కానీ అవి భయపెట్టని మాటలు.

ఈ వ్యాసకర్త కుటుంబం మేకల పెంపకంలో ఉన్నది. మా నాయనమ్మ మందలో ‘చుక్క’ అనే మేక ఉండేది. దానికి ముక్కు కారుతున్నదని నాయనమ్మ దానిని వాన తగలని వసారాలోకి తెచ్చి, గోనెసంచి కప్పి, దిగులు పడకుండా దాని పిల్లలు రెండింటినీ పక్కనే కట్టింది. గంజి పట్టింది. మూతి తుడిచిన గుడ్డతోనే పిల్లల మూతులూ తుడిచింది. నాలుగోనాడు కడుపు పారడం మొదలైనప్పుడు గానీ ఇంట్లో ఎవరూ రోగం పేరు ఎత్తలేదు. చుక్క పోయిన వారం తిరగకముందే పిల్లలు రెండూ పోయాయి. తరువాత దొడ్డిలోని మరికొన్ని. ఆమె చేసిన ప్రతిపనీ బాలింతకో, జ్వరపడిన బిడ్డకో చేయవలసిన పనే. ఆమెకు అందుబాటులో ఉన్న భాషలో మొదటి మూడు రోజులకు వేరే పేరు లేదు. అందువల్ల ఈ సంగతిని అజ్ఞానం ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు.

4. కాపరుల వ్యాధినామాలు - వ్యాప్తిమార్గం:

కాపరుల వ్యాధినామాలలో అధికభాగం కంటికి, చెవికి అందే గుర్తుల మీద ఏర్పడ్డాయి. ‘చిటుకు రోగం’లో జీవం చిటికెలో పడిపోతుంది. ‘గొంతువాపు’, ‘జబ్బవాపు’ వాచిన అవయవాన్ని చెబుతాయి. ‘నీలినాలుక’ మాత్రం ఆంగ్లపదానికి చేసిన అనువాదమని వినగానే తెలిసిపోతుంది. కాపరి నిజంగా చూసేది వాచిన మూతిని, కుంటే కాలును. నాలుక నీలంగా మారడం అన్నిసార్లూ కనిపించదు.

వీటి వ్యాప్తిమార్గాలు వేరువేరు. చిటుకు రోగం ఒకదాని నుంచి మరొకదానికి అంటేది కాదు. మేత ఒక్కసారిగా మారినప్పుడు, వానలకు మొలిచిన లేతగడ్డి ఎక్కువగా తిన్నప్పుడు పేగులలోని సూక్ష్మజీవి పెరిగి విషాన్ని విడుదల చేయడం వల్ల వస్తుంది. అక్కడ వేరుచేయడం కంటే మేత మార్చడం, తొలకరికి ముందే టీకా వేయించడం ముఖ్యం. నీలినాలుకను మోసేది దోమ కంటే చిన్నవైన ఒక రకం ఈగలు. పారుడు రోగం మాత్రం ఊపిరి తగిలేంత దగ్గరితనం వల్ల వస్తుంది. పేర్లన్నీ లక్షణాన్నే చెప్పడం వల్ల ఏ రోగానికి మందను విడదీయాలో, దేనికి అక్కరలేదో పేరును బట్టి తెలియదు.

ఒక్క ‘గాలికుంటు’ ఇందుకు మినహాయింపు. కుంటడం లక్షణం, గాలి మార్గం. ఆ గాలి వీచే గాలియా, ‘గాలి సోకింది’ అన్నప్పటి గాలియా అన్న చర్చకు అవకాశం ఉన్నది. ఏదైనా, రోగం బయటి నుంచి వచ్చి తగులుతుందన్న ఎరుక ఆ పేరులో ఉన్నది. ‘సోకు’, ‘అంటు’ అనే క్రియలలోనూ ఆ ఎరుక ఉన్నది. తెలుగులో స్పర్శకూ వ్యాధి సంక్రమణకూ ఒకే ధాతువు. (‘అంటు’ అనే మాటకు మన సాంఘికచరిత్రలో ఉన్న చేదు తెలిసిందే. ఇక్కడ దానిని వైరస్‌కే పరిమితం చేసి వాడుతున్నాను.) కాబట్టి లోటు భావనలో లేదు. ఆ భావన ఈ ఒక్క రోగం పేరులోకి చేరలేదు.

5. వేరుచేయడం:

ముక్కు కారుతూ, మేత మాని, ఒళ్లు కాలుతున్న మేకను అదేరోజు మంద నుంచి తీసి దూరంగా కట్టాలి. దానితో ఒకే దొడ్డిలో ఉన్నవాటిని మిగిలినవాటితో కలపకుండా విడిగా గమనించాలి. సేవ మానవలసిన పనిలేదు, సేవ చేసే వరుస మార్చాలి. ఆరోగ్యంగా ఉన్నవాటికి ముందు మేత, నీళ్లు పెట్టి, జబ్బుపడినదాని దగ్గరికి చివరగా వెళ్లాలి. దాని తొట్టి, తాడు, గుడ్డ దానికే ఉండాలి. వచ్చిన తరువాత చేతులు, కాళ్లు, చెప్పులు కడుక్కోవాలి. వైరస్‌ను చంపే మందు లేదు. పశువైద్యుడు ఇచ్చే యాంటీబయాటిక్స్ ఊపిరితిత్తులలో తరువాత చేరే సూక్ష్మజీవుల కోసం. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ పెట్టడం, నోటిపుండ్లకు బోరోగ్లిజరిన్ పూయడం వంటి వాటితో కొన్ని బతుకుతాయి. బతికినవాటికి ఈ రోగం మళ్లీ రావడం అరుదు. అవి వైరస్‌ను దాచుకొని తిరగవు కూడా. కోలుకొన్న మేకను అనుమానంతో అమ్మివేయనక్కరలేదు.

పోయిన మేక విషయంలో మమకారం మంచిపనికి తోడ్పడుతుంది. పేరున్న మేకను కోసి పంచడానికి, తోలు తీయించడానికి ఇంటివారికి మనసు రాదు, పూడ్చిపెడతారు. శాస్త్రం కోరేదీ అదే. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి, కుక్కలు తవ్వకుండా పూడ్చాలి. పేరులేని జీవాలకు కూడా ఆ మర్యాద దక్కితే మందకు మేలు.

6. పొలిమేర, సంత, వలస:

రోగాన్ని ఊరి పొలిమేర దాటించే గ్రామదేవత కొలువులు మనకు తెలిసినవే. పొలిమేర అనే భావనలో రోగానికి హద్దు గీయాలన్న ఆలోచన ఉన్నది. కానీ కాపరికి స్థిరమైన పొలిమేర లేదు. వానలు లేనప్పుడు మంద మేత వెదుక్కొంటూ జిల్లాలు దాటుతుంది. కాటమరాజు కథాచక్రంలో కరవుకు ఆలమందలు నెల్లూరు సీమకు తరలడం, నల్లసిద్ధితో పుల్లరి తగవు రావడం ఈ వలసజీవితానికి సాహిత్యంలో నిలిచిన ఆధారం. పరాయి బీడులో, పరాయి చెరువు దగ్గర మందలు కలుస్తాయి. రోగమూ అక్కడే చేతులు మారుతుంది.

సంత ఇంకా ప్రమాదకరం. ఒకటి పోగానే మిగిలినవి పోకముందే వచ్చినకాడికి తెగనమ్మడం పేదకాపరి లెక్కలో సహజం. ఆ జీవాలలో జ్వరం రాని, వైరస్ సోకిన జీవాలూ ఉంటాయి. రోగమున్నదని తెలిస్తే ధర పడిపోతుందన్న భయం నోరు నొక్కుతుంది. జంతువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన చట్టం సమాచారమివ్వడాన్ని యజమాని బాధ్యతగా చెప్పింది. ధర పడిపోయే నష్టాన్ని ఎవరు భరించాలన్నది తేల్చకుండా ఆ బాధ్యతను కాపరి మీద మాత్రమే మోపడం న్యాయం కాదు.

కొత్తగా కొన్న జీవాలను 21 రోజులు విడిగా ఉంచి గమనించిన తరువాతే మందలో కలపాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టి, జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొనుగోలు చేయించింది. అట్లా దూరం నుంచి లారీలో అలసివచ్చిన జీవాలకు ఈ మూడువారాల ఎడం మరింత అవసరం.

7. టీకా:

ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ రూపొందించిన ‘సుంగ్రి/96’ టీకా మన దేశంలో విరివిగా వాడుకలో ఉన్నది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సుంగ్రి ప్రాంతపు మేకల నుంచి తీసిన వైరస్‌ను బలహీనపరచి దీనిని తయారుచేశారు. చర్మం కింద ఒక మిల్లీలీటరు చాలు, ఒకసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. చల్లదనం తప్పితే టీకా చెడిపోతుంది. ద్రావణంలో కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడాలి. అందువల్ల మంద అడవికి పోకముందే, తెల్లవారుజామున శిబిరం పెట్టడం మంచిది. జబ్బుపడినవాటికి వేయకూడదు. వేసిన రోజే రక్షణ రాదు, దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వలస బయలుదేరేనాటికి ఆ గడువు పూర్తయ్యేటట్లు చూసుకోవాలి.

ఇదే కుటుంబపు ముసర వ్యాధి నుంచి 2006లో మన దేశం, 2011లో ప్రపంచం విముక్తి పొందాయి. 2030 నాటికి పి.పి.ఆర్.ను నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు 2015లో లక్ష్యం పెట్టుకొన్నాయి. గ్రామాలలో వేయించే చాటింపులో, గోడపత్రికలో ‘పారుడు రోగం’ అన్న పేరును తీసివేయాలని నేననను. జనం గుర్తుపట్టే పేరు అదే. ఆ పేరు పక్కన “ముందు ముక్కు, కన్ను కారుతాయి, అప్పుడే విడిగా కట్టండి” అన్న వాక్యం చేరాలి.

టీకా శిబిరాలలో ఎక్కువగా తప్పిపోయేవి లేతపిల్లలు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం వాటికి టీకా పనిచేయదు కనుక మూడు నాలుగు నెలలు నిండేదాకా వేయరు. శిబిరం వెళ్లిపోతుంది, పిల్లల వయసు నిండుతుంది, తల్లిపాల రక్షణ తగ్గిపోతుంది. ఆ రోజు మిగిలిపోయిన పిల్లల లెక్క రాసుకొని, వాటికి రంగుతో గుర్తు పెట్టి ఉంచితే, రెండో విడతకు వాటిని పట్టి తేవడం కాపరికి తేలికవుతుంది. పేరు పెట్టే వయసు వాటికింకా రాలేదు.