నలుగురు మోసిన పరుపు
(రోగులను కదల్చు విధమును గూర్చి)

కపెర్నహూములో పక్షవాయువుగల యొక మనుష్యుని నలుగురు మోసికొని యేసునొద్దకు వచ్చిన సంగతి మార్కు సువార్త రెండవ అధ్యాయమునందు వ్రాయబడియున్నది. జనసమూహమువలన లోపలికి పోవ వీలులేక వారు ఇంటికప్పు విప్పి, రోగిని పరుపుతోకూడ క్రిందికి దింపిరి. ఆదివారపు బడిపిల్లలు ఈ కథలో ఆ నలుగురి విశ్వాసమును గూర్చి నేర్చుకొందురు. అందులో మరియొక పాఠము కూడ గలదు. ఆ నలుగురిలో ఒక్కడు తొందరపడి తన మూలను ముందుగా వదలినయెడల రోగి నేలబడియుండును. కాబట్టి ప్రేమ యొక్కటే చాలదు. ప్రేమగల చేతులు కూడి పనిచేయ నేర్చుకొనవలెను.

ఈ పాఠము నేడు సౌదీ అరేబియాలో పనిచేయు తెలుగువారికి మిక్కిలి అవసరమైయున్నది. కొందరు ఆడపిల్లలు నర్సు చదువు చదివి అచ్చటి ఆసుపత్రులలో చేరుచున్నారు. గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు వెళ్లిన స్త్రీలు ఇండ్లలో పనికి కుదిరి, మంచముపట్టిన వృద్ధులను లేపుట, కూర్చుండబెట్టుట, స్నానము చేయించుట మొదలగు పనులు చేయుచున్నారు. నర్సుకు ఈ పని బడిలో నేర్పుదురు. ఇంటిపనికి వెళ్లిన స్త్రీకి ఎవరును నేర్పరు.

అరేబియాలో రోగుల సేవకు మిషనువారి చరిత్ర కూడ కలదు. అమెరికా మిషనువారు 1903వ సంవత్సరమున బహ్రెయిన్ ద్వీపమందు ఆసుపత్రి తెరచిరి. ఆ మిషను వైద్యుడైన డాక్టరు పాల్ హారిసన్ 1917లో రియాద్ నగరమునకు పిలువబడి వెళ్లి అచ్చటివారికి చికిత్స చేసెను. అదే రియాద్‌లో 1975లో కింగ్ ఫైసల్ స్పెషలిస్టు ఆసుపత్రి తెరువబడెను. ఈనాడు సౌదీ పట్టణములలోని పెద్ద ఆసుపత్రులలో మీట నొక్కగా పైకి లేచు మంచములును, రోగిని గుడ్డ ఊయెలలో కూర్చుండబెట్టి ఎత్తు యంత్రములును ఉన్నవి. అయినను ఆ ఆసుపత్రులలో జరిగిన పరిశీలనలు నర్సులలో నడుమునొప్పి విస్తారముగా నున్నదని తెలుపుచున్నవి. ఏలయనగా యంత్రము గోడకు ఆనియున్నను తొందరలోనున్న మనుష్యుడు తన చేతులనే నమ్ముకొనును.

చేతులు ఎంత బరువు మోయగలవు? అమెరికా దేశపు పరిశోధకులు 2007లో దీనిని లెక్కించి, రోగిని ఎత్తునప్పుడు ఒక మనిషి మీద పడదగిన బరువు 35 పౌనులు, అనగా సుమారు 16 కిలోలు మాత్రమేయని తేల్చిరి. తోటలో 50 కిలోల బస్తాను వీపున వేసికొని నడచువానికి ఈ మాట నవ్వు పుట్టించవచ్చును. అయితే బస్తా కదలదు, భయపడదు, ఎత్తువాని మెడను గట్టిగా పట్టుకొనదు. రోగి ఇవన్నియు చేయును. 70 కిలోల రోగిని నలుగురు సమముగా ఎత్తినను ఒక్కొక్కరికి పదిహేడున్నర కిలోలు వచ్చును. ఆ లెక్క చొప్పున నలుగురును చాలరు. అటువంటప్పుడు ఒంటరిగా నున్న పనిమనిషి మాట చెప్పనేల?

కాబట్టి జ్ఞానముగలవారు రోగిని ఎత్తరు. జరుపుదురు, దొర్లింతురు, లేచుటకు సాయపడుదురు. ఆ క్రమము ఇట్లున్నది.

మొదట రోగికి చెప్పవలెను. ఏమి చేయబోవుచున్నారో తెలియని రోగి బిగుసుకొనిపోవును. అతడు తానే కాలు మడవగలిగినను, ప్రక్కకు తిరుగగలిగినను తిరుగనియ్యవలెను. అతడు చేసికొనినంత మేరకు సహాయకుని బరువు తగ్గును, అతని బలమును నిలుచును.

రెండవది, స్థలమును సిద్ధపరచవలెను. నేలమీద తడి, చాప మడతలు, పాత్రలు ఉండరాదు. చక్రముల కుర్చీకిని మంచమునకును బిగింపు వేయవలెను. పక్షవాతపు రోగికి బలమైన ప్రక్కను కుర్చీ ఉంచవలెను.

మూడవది, సహాయకుడు పాదములు ఎడముగా పెట్టి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా నుంచి, రోగికి దగ్గరగా నిలువవలెను. స్త్రీలు నీళ్లబిందెను చంకనుంచుకొందురు గాని చేతులు చాచి పట్టుకొనరు. బరువు దేహమునకు దూరమైనకొలది వెన్నుపూసలమీది భారము పెరుగును. తిరుగవలసినప్పుడు నడుము మెలిపెట్టక పాదములనే త్రిప్పవలెను.

నాలుగవది, చంకలక్రింద చేతులు పెట్టి రోగిని లాగుట చాల ప్రమాదకరము. భుజపుకీలు తొలగవచ్చును, నరములు దెబ్బతినవచ్చును. రోగి చేతులను సహాయకుని మెడకు చుట్టించుట అతని మెడకే కీడు.

అయిదవది, మంచముమీద పైకి జరుపవలసినప్పుడు రోగి క్రింద నున్నని గుడ్డ పరచి, ఇరుప్రక్కల ఇద్దరు నిలిచి, ఆ గుడ్డను పట్టి జరుపవలెను. వట్టి చర్మమును పక్కమీద ఈడ్చినయెడల అది ఒరసికొనిపోవును. అచ్చటనే పడకపుండ్లు మొదలగును. కదలలేనివానిని సాధారణముగా రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుట ఆ పుండ్లకు విరుగుడు.

ఆరవది, ఆజ్ఞ ఒక్కరి నోటనే రావలెను. సౌదీ ఆసుపత్రులలో మంచమునకు ఒక ప్రక్క తెలుగు నర్సు, మరియొక ప్రక్క ఫిలిప్పీను నర్సు, నడుమ అరబ్బు రోగి ఉండుట సామాన్యము. అచ్చట వాహిద్, ఇత్నైన్, తలాతా అని మూడు లెక్కించుట అందరికిని తెలిసిన భాష. రోగితో షువై, షువై, అనగా మెల్లగా, మెల్లగా అని పలుకుట అతనికి ధైర్యము నిచ్చును. స్త్రీ రోగికి స్త్రీలే సాయపడి, తెర వేసి, దేహము కప్పియుంచుట ఆ దేశపు మర్యాద. అది ఎక్కడనైనను మంచి మర్యాదయే.

పడిపోవుచున్న రోగిని రెండు చేతులతో ఆపజూచుట సహజము. అది ఇద్దరినిని పడవేయును. అతనిని తన దేహమునకు ఆనించుకొని, తలకు దెబ్బ తగులకుండ మెల్లగా నేలకు దింపుటయే క్షేమము. దింపిన పిమ్మట వెంటనే లేపరాదు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలినదను అనుమానమున్నయెడల, అగ్ని మొదలైన అపాయము ఉంటేతప్ప కదల్పక సహాయము పిలువవలెను. సౌదీ అరేబియాలో రెడ్ క్రెసెంటు అంబులెన్సుకు 997, తెలుగు రాష్ట్రములలో 108 పిలుపు సంఖ్యలు.

రోగులను దూరము తరలించుటకు గొప్ప దృష్టాంతము ఆ దేశమందే ప్రతి సంవత్సరము కనబడును. హజ్ యాత్రకు వచ్చి మదీనా ఆసుపత్రులలో పడియున్న ముసల్మాను రోగులను, ప్రయాణమునకు తగుదురని వైద్యులు నిర్ణయించినయెడల, ఆరోగ్యశాఖవారు అంబులెన్సుల వరుసలో 400 కిలోమీటర్లకు మించిన దారిని మక్కా ప్రాంతమునకు తీసికొనిపోవుదురు. వైద్యులును నర్సులును వెంట నుందురు. దారి పొడవు పెద్ద కష్టము కాదు. మంచమునుండి స్ట్రెచరునకు, స్ట్రెచరునుండి బండికి మార్చు ప్రతి నిమిషమే కష్టము. రోగి పడుట ఆ మార్పులలోనే జరుగును.

ఇంటిపనికి వెళ్లిన స్త్రీ సంగతి మరల తలంపవలసియున్నది. ఆసుపత్రి యుద్యోగికి పనిలో దెబ్బతగిలినయెడల సౌదీ సాంఘిక బీమా సంస్థ యొక్క పని ప్రమాదముల బీమా కలదు; దానికి రుసుము యజమానియే చెల్లించును. ఇండ్ల పనివారికి ఆ బీమా వర్తింపదు. ఆమె నడుము విరిగినయెడల ఇంటికి వచ్చు నెలజీతము నిలిచిపోవును, పిల్లల చదువు ఆగిపోవును. అందుచేత బరువైన ముసలమ్మను ఒంటరిగా లేపుమన్నప్పుడు, ఇంటివారిలో ఒకరిని తోడు పిలుచుట సోమరితనము కాదు, అవమానమును కాదు. ముసలమ్మ పడిపోవునను మాట చెప్పినయెడల ఇంటివారు వినవచ్చును. ప్రయాణమునకు ముందే ఆమె ఈ సంగతులు నేర్చుకొనియుండుట మరింత మేలు.

నేర్చుకొనుటకు రియాద్ వరకు పోనక్కరలేదు. తోటల లైనులలోను మంచముపట్టిన తాతలు, బాలింతలు, చెట్టుమీదనుండి పడినవారు ఉన్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండగ్రామములలో నేటికిని రోగులను డోలీలో మోసికొనివచ్చుచున్నారు. డోలీలో దేహము వంగిపోవును గనుక వెన్ను దెబ్బతిన్నవానికి అది తగదు. బల్ల కాని తలుపు చెక్క కాని కావలెను. ఒక పాత దుప్పటి, ఒక మంచము, నలుగురు మనుష్యులు ఉన్నయెడల ఒక సాయంకాలములో ఇదంతయు అభ్యసింపవచ్చును. నలుగురిలో ఒకడు రోగివలె పడుకొనవలెను. కదల్చబడువాని భయమెట్టిదో అప్పుడు తెలియును.

కపెర్నహూము ఇంటికప్పుమీద ఆ నలుగురిలో ఎవరును తానొక్కడనే మోసెదనని అనలేదు. ఒకని బలముచేత కాక నలుగురి ఏకమనస్సుచేత ఆ పరుపు సమముగా దిగెను. తోడు పిలుచుటకు సిగ్గుపడని చేయి రోగికిని తనకును మేలు చేయును.