కాలేజీ ఎంచుకునే ముందు సాయంత్రం ఐదు తర్వాత చూడండి

మొన్న రాత్రి బారువ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్. "అన్నా, వెబ్ ఆప్షన్లకి రేపే లాస్ట్. ఏది ముందు పెట్టమంటావు?" ఫీజులు, ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు అన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టుకున్నాడు. ఒక్కటే లేదు. క్లాసులు ఐదింటికి అయిపోతాయి కదా, ఆ తర్వాత నాలుగేళ్లూ ఎలా గడుస్తాయి?

మా ఉద్దానం పిల్లల ముందుండే క్యాంపస్‌లను ఈసారి ఆ లెక్కలో చూద్దాం.

వైజాగ్: ఊరంతా క్యాంపసే

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరు చేరింది. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ దీనికి వైస్ చాన్సలర్. నాలుగొందల ఎకరాలు దాటిన స్థలం, పాత కట్టడాలు, చెట్ల నీడ. కిందికి దిగితే బీచ్ రోడ్డు, ఇటు నడిస్తే సిరిపురం. కోచింగ్, సినిమా, స్నేహితులు అన్నీ చేతికందే దూరంలోనే. కాకపోతే గేటు దాటితే జేబు ఖాళీ.

టెక్కలి: అమ్మ చేతి భోజనం

టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీకి మా వైపు నుంచి రోజూ వెళ్లొచ్చేవాళ్లున్నారు. హాస్టల్ ఖర్చు మిగులుతుంది, ఇంటి అన్నం దొరుకుతుంది. కానీ మీ సాయంత్రం బస్సు టైమ్ చేతిలో ఉంటుంది. క్లబ్ మీటింగ్ మధ్యలో లేచి పరిగెత్తాలి.

ఎచ్చెర్ల: హైవే పక్కన ప్రశాంతం

శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది. 2016లో ట్రిపుల్ ఐటీ కూడా వచ్చింది. ట్రిపుల్ ఐటీలో టెన్త్ అవగానే చేరి ఆరేళ్లు హాస్టల్లోనే ఉండాలి. పదిహేనేళ్లకే ఇల్లు వదలాలన్నమాట. స్నేహాలు గట్టివి, ఊరి సందడి తక్కువ.

బరంపురం: పక్క రాష్ట్రం, పక్క ఊరు

పీజీ చేసేవాళ్లు దీన్నీ చూడొచ్చు. 1967లో మొదలైన బరంపురం యూనివర్సిటీ భంజవిహార్‌లో ఉంది, గోపాల్‌పూర్ తీరం దగ్గరే. బారువ నుంచి శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర. ఊళ్లో తెలుగు బాగా వినిపిస్తుంది.

దూరం ఎప్పుడు తెలుస్తుందంటే

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ హాస్టల్లో ఫైనలియర్. రెండు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. మూడో రోజు ఊరు చేరేసరికి మా కొబ్బరి చెట్లు నేల మీద ఉన్నాయి. వైజాగ్‌లో చదివే నా టెన్త్ క్లాస్‌మేట్ నాకంటే ముందే వచ్చి, వాళ్ల నాన్నతో కలిసి చెట్లు కోస్తున్నాడు. నాన్న నన్నేమీ అనలేదు. కత్తి ఇచ్చారంతే.

అలాగని దూరం వెళ్లొద్దని చెప్పను. నా ఉద్యోగం, భయం లేకుండా మాట్లాడటం ఆ దూరమే నేర్పింది. ఎంత దూరమో తెలిసి వెళ్లండి, అంతే.

చేరే ముందు నాలుగు పనులు

• ఒక సాయంత్రం క్యాంపస్‌కి వెళ్లండి. ఆరు తర్వాత లైబ్రరీ, గ్రౌండ్ తెరిచి ఉన్నాయా చూడండి.
• మ్యాప్‌లో కిలోమీటర్లు కాదు, ఇంటి గుమ్మం నుంచి హాస్టల్ గది దాకా గంటలు లెక్కేయండి.
• సీనియర్ అక్కల్ని అడగండి. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? రాత్రి ఆటో దొరుకుతుందా?
• తాగే నీళ్లు ఎక్కడివో కనుక్కోండి. కిడ్నీ జబ్బులు చూసిన ఉద్దానం వాళ్లకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మావాడు చివరికి వైజాగ్ ముందు, టెక్కలి తర్వాత పెట్టాడు. వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది: "ఏటి నాయనా, శనివారం శనివారం రాగలవా మరి?"

"రాత్రి బండికి సోంపేటలో దిగిపోతానమ్మా" అన్నాడు వాడు.