తోటకు వచ్చు తుమ్మెదలు, వాని గుర్తులు

తోటలో నెన్నడును చూడని యీగ యొకటి కనబడగనే పొగబెట్టుటయో చీపురు తీయుటయో మన పల్లెలలో నలవాటు. భయపడవలసినదేదో, విడిచిపెట్టవలసినదేదో గుర్తులు తెలిసిన మేలని యీ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

అహోబిలము నల్లమల యంచున, నేటి నంద్యాల జిల్లాలో నున్నది. ఆ యడవులలో కొండచరియలకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులను చెంచువారు త్రాళ్లపై దిగి కోయుదురు. నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెనని కథ గలదు గదా. తేనె యామె పుట్టినింటి సొత్తన్నమాట. ఈ పెద్ద తేనెటీగ పెట్టునది యొకే పట్టు. అది మూడడుగుల వెడల్పు వరకు నుండును. నిజముగా భయపడవలసినది దీనికే. కదలించినచో గుంపుగా వెంటబడును. అప్పుడు చేతులు విసరక తలుపులు గల యింటిలోనికి పరుగెత్తవలెను. ముల్లు కొక్కెము వలె చర్మములో నిలిచి విషమును దింపుచుండును గనుక వెంటనే గీకివేయవలెను. ఊపిరి యాడనిచో మందులు నూరుచు కూర్చుండక ఆసుపత్రికి చేర్పవలెను.

కొమ్మను చుట్టుకొని అరచేతియంత పట్టు పెట్టునది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రలో, పుట్టలో వరుసగా పలు పట్టులు పెట్టునది మన పెంపుడు జాతి. గోడ నెఱ్ఱెలో మైనపు గొట్టము వంటి వాకిలి పెట్టుకొను నల్లని చీమంత యీగకు కుట్టు ముల్లే లేదు.

ఇక నొంటరి జీవులు. లోకములో నిరువదివేలకు (20,000) మించిన తేనెటీగ జాతులలో నెక్కువ భాగ మిట్టివే. వీనిలో మనకు మిక్కిలి యుపకారి, మిక్కిలి యపనింద పడినది, తుమ్మెద. అంగుళమంత నల్లని దేహము, ఎండలో నీలముగా మెరయు రెక్కలు. ఎండిన దూలమునకు వ్రేలు పట్టునంత గుండ్రని బెజ్జము, క్రింద పొట్టు కనబడిన నది దీని యిల్లు. కొయ్యను తినదు, లోపల పుప్పొడి ముద్దపై గ్రుడ్డు పెట్టి పొట్టుతో గది కట్టును. ముఖము మీదికి వచ్చి గాలిలో నిలిచి బెదరించునది మగది. దానికి ముల్లు లేదు. ఆడది చేత పట్టుకొన్నగాని కుట్టదు. బెజ్జములలో కిరసనాయిలు పోయుట నేను చూచితిని. ఆ యింటివారే చేలో జనుము చల్లిరి! జనుము పువ్వు తనంత తాను గింజ కట్టుట యరుదు. బరువైన తుమ్మెద వ్రాలి దొన్నె వంటి రేకును అణచినగాని కీలము రాపిడి పొందదు. దూలము పాడగునను బెంగ యున్నచో బెజ్జములు లేని కొయ్యకు రంగు పూయుడు. పెరటిలో నెండు వెదురుముక్కలు కట్టి యుంచుడు.

గులాబి యాకులను, కంది యాకులను అంచున గుండ్రముగా కత్తిరించినట్లు కనబడిన పురుగుమందు చల్లకుడు. అది ఆకు కోయు తేనెటీగ పని. ఆ ముక్కలతో పిల్లలకు గూడు చుట్టును. పుప్పొడిని కాళ్లతో గాక కడుపు క్రింది రోమములతో మోయుట దీని గుర్తు. కంది పూలకిది నమ్మిన చుట్టము.

నడుమున నీలిచారలు మెరయుచు వంగపూవును పట్టుకొని జుమ్మని వణకించునది మఱియొకటి. వంగపూవు పుప్పొడి గొట్టముల చివరి రంధ్రములనుండి ఆ వణకునకే రాలును. మాపటివేళ నెండుపుల్లను దవడలతో కరచి, వరుసగా వ్రేలాడుచు నిద్రించు మగవానిని చూచుట నాకు వేడుక.

చారలన్నియు నుండి రెక్కలు నాలుగు గాక రెండే యున్నచో, అది తేనెటీగ వేషము వేసిన వట్టి యీగ. దానికి కుట్టు ముల్లు లేదు.