నింద గోల్డెన్‌రాడ్‌ది.. నేరం ర్యాగ్‌వీడ్‌ది

బొకేల్లో గులాబీల నడుమ గుచ్చే సన్నని పసుపు పూరెమ్మల పేరు గోల్డెన్‌రాడ్. తెలుగునాట అంగడి సరుకుగానే పరిచయమైన ఈ మొక్క స్వస్థలం ఉత్తర అమెరికా. అక్కడ ఎవరూ విత్తకుండానే పొలం గట్లపైనా, రహదారుల పక్కనా నిలువెత్తు పెరుగుతుంది. వేసవి చివర మొదలై శరదృతువు వరకు బీళ్లన్నీ పసుపు ఆరబోసినట్లు కనిపిస్తాయి. నెబ్రాస్కా 1895లో, కెంటకీ 1926లో దీనిని రాష్ట్ర పుష్పంగా స్వీకరించాయి.

ఇంతటి గౌరవం దక్కినా అపవాదు తప్పలేదు. ఈ పూలు విరిసే రోజుల్లోనే అక్కడ వేలాది మందికి తుమ్ములు, కళ్ల దురద మొదలవుతాయి. కంటికి కనిపించేది ఈ పసుపే కనుక నింద దీనిపైనే పడుతోంది. అసలు దోషి అదే కాలంలో పూచే ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. దాని పూలు ఆకుపచ్చగా ఉండి ఆకుల్లో కలిసిపోతాయి. ఒక్క మొక్క ఒక ఋతువులో వంద కోట్ల వరకు పుప్పొడి రేణువులను వెదజల్లగలదు. అవి గాలిలో మైళ్ల దూరం సాగిపోతాయి. గోల్డెన్‌రాడ్ పుప్పొడి అలా కాదు. బరువుగా, జిగటగా ఉండి తేనెటీగల కాళ్లకు అంటుకుంటుంది. గాలికి లేవడం అరుదు. అసలు గాలినే నమ్ముకున్న మొక్కకు కీటకాలను పిలిచే ఇంత అలంకారమెందుకు?

ర్యాగ్‌వీడ్‌కు దగ్గరి చుట్టం తెలుగు పల్లెల్లోనూ ఉంది. చర్మవ్యాధులకు, ఆయాసానికి కారణమయ్యే వయ్యారిభామే అది. విచిత్రమేమిటంటే ఈ మూడూ బంతి, చామంతులతో పాటు సూర్యకాంతి కుటుంబానికే చెందినవి.

చలికాలం ముంచుకొచ్చే వేళ తేనెటీగలకు, దక్షిణాదికి వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు ఈ పూల మకరందమే పెద్ద ఆధారం. ఒక జాతి ఈగ దీని కాండంలో గుడ్డు పెడుతుంది. అక్కడ కాండం గోళీలా ఉబ్బుతుంది. లోపలి పురుగు తన శరీరంలో గ్లిజరాల్ వంటి పదార్థాలను నింపుకొని గడ్డకట్టే చలిని సైతం తట్టుకుంటుంది.

థామస్ ఎడిసన్ చివరి రోజుల్లో రబ్బరు కోసం వేల మొక్కలను పరీక్షించి, గోల్డెన్‌రాడ్‌నే ఎంచుకున్నారు. దాని ఆకుల నుంచి రబ్బరు తీయగలిగినా, 1931లో ఆయన మరణించాక ఆ ప్రయత్నం వ్యాపార స్థాయికి చేరలేదు.

పుట్టినచోట ఇంత మేలు చేసే మొక్క పరాయి నేలపై మాత్రం బెడదగా మారింది. అందం కోసం తెచ్చుకున్న చైనాలోనూ, ఐరోపాలోనూ గాలికెగిరే విత్తనాలతో, నేలలోపల పాకే దుంపవేళ్లతో వ్యాపించి స్థానిక మొక్కలను అణచివేస్తోంది.