సింగరేణి వాటా: 79 పైసలకూ 793 రూపాయలకూ మధ్య

దసరా దగ్గర పడితే గోదావరిఖని టీకొట్ల దగ్గర ఒకటే ముచ్చట: ఈసారి వాటా ఎంత? బొగ్గు గనుల సంస్థ సింగరేణి 1999-2000లో 10 శాతంతో మొదలుపెట్టిన లాభాల వాటా 2023-24కు 33 శాతానికి, మరుసటి ఏడాదికి 34 శాతానికి చేరింది. ఈ సొమ్ము కార్మికుడిలో నిజంగా ఉత్సాహం నింపుతోందా?

శ్రమకు ఎంత, హాజరుకు ఎంత?

2023-24కు 41,837 మందికి 796 కోట్లు పంచారు. సగటున మనిషికి 1.90 లక్షలు. ఒక కార్మికుడు ఒళ్లు వంచి లక్ష రూపాయల అదనపు లాభం తెచ్చాడనుకుందాం. అందులో 33 శాతాన్ని అందరికీ పంచితే అతనికి దక్కేది 79 పైసలు.

కానీ వాటా లెక్కలో మస్టర్లు, అంటే పనికి హాజరైన రోజులు, కీలకం. ఏడాదికి 240 అనుకుంటే సగటున ఒక్కో మస్టరు విలువ సుమారు 793 రూపాయలు. శ్రమకూ ఫలితానికీ లంకె కనిపిస్తేనే మనిషి పూనుకుంటాడని మనస్తత్వవేత్త విక్టర్ వ్రూమ్ 1964లోనే సిద్ధాంతీకరించారు. ఇక్కడ ఆ లంకె హాజరుకు బలంగా ఉంది, అదనపు శ్రమకు దాదాపు లేదు.

పెరిగిన శాతం, తగ్గిన భాగం

2023-24 లాభం 4,701 కోట్లు. విస్తరణకు పక్కనపెట్టగా మిగిలిన 2,412 కోట్ల మీదే 33 శాతం కట్టారు. మొత్తం లాభంలో అది 17 శాతం. మరుసటి ఏడాది 6,394 కోట్లలో 2,360 కోట్ల మీద 34 శాతం ఇచ్చారు. మొత్తంలో అది 12.5 శాతమే. కొత్త గనులకు పెట్టుబడి కావాల్సిందే. ఎంత, ఎందుకు తీస్తున్నారో ముందే చెప్పి ఒప్పించడం యాజమాన్యం పని.

కాంట్రాక్టు కార్మికులకు 2024లో తొలిసారి 5,000 ఇచ్చారు. పర్మినెంట్ సగటులో అది 38వ వంతు. మనిషి తనకొచ్చినదాన్ని పక్కవాడి శ్రమతో, రాబడితో పోల్చి న్యాయాన్యాయాలు తేల్చుకుంటాడన్నది మరో మనస్తత్వవేత్త స్టేసీ ఆడమ్స్ 1963 నాటి సిద్ధాంతం.

జట్టుకు దగ్గరైతే

పై లక్షలోని అదే 33 వేలను 30 మంది జట్టు పంచుకుంటే తలా 1,100 వస్తాయి. లెక్క జట్టుకు దగ్గరయ్యే కొద్దీ శ్రమ విలువ కంటికి కనిపిస్తుంది. అయితే బొగ్గు టన్నులనే కొలిస్తే తొందరపాటు పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది. ప్రమాదం లేని షిఫ్టులకూ, గని కప్పు బాగోలేదని పని ఆపించినవాడికీ మార్కులు పడాలి. అవి వేయాల్సింది జట్టు పక్కనే ఉండే సర్దార్, ఓవర్‌మన్ లాంటి పర్యవేక్షకులు.