నాన్నగారి "అదే"

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి తెనాలి నుంచి ఫోన్. రాత్రి నిద్రలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. నేనేమో ఇక్కడ లండన్‌లో ఉన్నాను. రెండో రోజు మావయ్య స్కాన్ ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మెదడులో ఎడమవైపు నల్లటి మచ్చ. కింద మెసేజ్: "ఇక్కడే మాట పోయిందన్నార్రా డాక్టరు గారు."

నేను వెళ్ళేసరికి ఆయనకి ఒక్క మాటే మిగిలింది. "అదే". నీళ్ళు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడూ అదే. ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పిన మనిషి! చూడ్డానికొచ్చిన చుట్టాలు ఫిల్మ్ చూసి తీర్పు కూడా చెప్పేశారు. "ఆ భాగం చచ్చిపోయిందిగా, ఇంకెక్కడొస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చాక రాత్రిళ్ళు కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

1861లో పారిస్‌లో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా "టాన్" అనేవాడు. అందుకని అందరూ టాన్ అనే పిలిచేవారు. అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే సర్జన్ మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. ఇది చదివి కాసేపు లాప్‌టాప్ మూసేశాను. టాన్, అదే. ఆ రోజుల్లో లోపల ఏమైందో తెలియాలంటే మనిషి పోవాల్సిందే.

బతికున్న మనిషి మెదడుని సీటీ స్కానర్‌తో మొదటిసారి చూసింది మరో 110 ఏళ్ళకి, 1971 అక్టోబరు 1న, ఈ లండన్‌లోనే, వింబుల్డన్‌లోని ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో. మెషీన్ తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, పాటల రికార్డులకి పేరుపడ్డ ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. స్ట్రోక్ రోగికి ముందుగా సాధారణంగా సీటీ తీసేది ఎందుకంటే, రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా అన్నది తేలాలి. గడ్డ కరిగించే మందు రక్తస్రావం ఉన్నవాళ్ళకి ఇస్తే ప్రాణం మీదకొస్తుంది.

కానీ మావయ్య పంపిన ఫిల్మ్ పోయినదాన్ని మాత్రమే చూపిస్తుంది. మిగిలింది ఏం చేస్తోందో చూపించదు. అది చూడాలంటే ఫంక్షనల్ ఎమ్మారై కావాలి. మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తేడాని ఎమ్మారైలో పట్టుకోవచ్చని 1990లో సేజీ ఒగావా చూపించాడు.

జర్మనీలో, స్ట్రోక్‌తో మాట దెబ్బతిన్న 14 మందిని ఇలాగే మూడేసిసార్లు స్కాన్ చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి రోజుల్లో ఎడమవైపు బాగున్న చోట కూడా పెద్దగా కదలిక లేదు. రెండు వారాలకి రెండువైపులా వెలిగింది, కుడివైపు మరీ ఎక్కువగా. ఏడాది దగ్గరపడేసరికి పని మళ్ళీ ఎడమవైపుకి మళ్ళింది. ఈలోగా వాళ్ళ మాట కూడా మెరుగుపడుతూ వచ్చింది.

మా భాషలో చెప్పాలంటే, ఒక సర్వర్ పడిపోతే ట్రాఫిక్ ఇంకో దారి వెతుక్కోవడం. కాకపోతే మా ఆఫీసులో అది క్షణాల్లో దానంతటదే జరిగిపోతుంది. మెదడుకి నెలలు పడుతుంది, సాధన కావాలి.

అందరికీ ఒకేలా రాదు. మచ్చ ఎంత పెద్దది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో కాథీ ప్రైస్ బృందం చాలామంది రోగుల స్కాన్‌లు, వాళ్ళ మాట ఎలా కోలుకుందన్న వివరాలు కలిపి పోగుచేస్తోంది. కొత్త రోగి వస్తే, అలాంటి మచ్చే ఉన్న పాతవాళ్ళకి ఎన్నాళ్ళకి ఎంత వచ్చిందో చూసి అంచనా చెప్పాలని వాళ్ళ ప్రయత్నం. చుట్టాల తీర్పు కంటే ఇది నయం కదూ!

ఇవన్నీ అమ్మకి ఫోన్‌లో చెప్పాను. సగం విని, "అంటే మానకుండా మాట్లాడించాలి, అంతేగా?" అంది. స్పీచ్ థెరపిస్ట్ వారానికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజులు గరిటె, గ్లాసు, చెంచా ముందు పెట్టుకుని అమ్మే టీచరు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్నగారు పెదాలు కూడదీసుకుని "కాఫీ" అన్నారు. అమ్మ పరుగున కలుపుకొచ్చింది. కాదన్నట్టు చెయ్యి ఊపారు. చివరికి తేలిందేంటంటే, ఆయనకి కావలసింది మజ్జిగ.

తప్పు మాటే. అయినా "అదే" కాదుగా!